కంచరగాడిదలు, కొంగలు, ఒక మచ్చ

కమ్మింగ్, జార్జియా
ఆగస్టు 31, ఆదివారం

చెల్లాయి చంద్రికకి,

మీ ఆయనా, మీ బావగారూ కలిసి చేసిన చట్టం ప్రకారం ఈ ఉత్తరం రాస్తున్నాను. నిరుడు నవంబరులో మనిద్దరం ఫోన్‌లో అరుచుకుంటుంటే, అదంతా కార్ స్పీకర్‌లో వింటూ డ్రైవ్ చేస్తున్న శశికాంత్ గారు ఎవరిదో మెయిల్‌బాక్స్‌ని గుద్దేశారు కదా. ఇకమీదట పండగలు, వంటలు, ఒంట్లో నలతలు ఫోన్‌లో మాట్లాడుకోవాలట, ఫుట్‌బాల్ మాత్రం పోస్టులోనట. ఉత్తరం చేరడానికి మూడు రోజులు పడుతుంది, ఈలోగా కోపం చల్లారుతుందని వాళ్ళ ఆశ. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా మనల్ని అర్థం చేసుకోలేదు పాపం.

కబురేమిటంటే, పైన్‌రిడ్జ్ యూనివర్సిటీ మ్యూల్స్ జట్టుకి ఈ ఏడాది కిక్కర్ మన మానవ్. నూట పదిమంది జట్టులో బంతిని నిజంగా కాలితో తన్నేవాడు వాడొక్కడే. మిగతావాళ్ళు చేతుల్లో పట్టుకుని ఒకరిమీద ఒకరు పడి లేస్తుంటారు, దానికి ఫుట్‌బాల్ అని పేరు. నిన్న మొదటి ఆటలో రెండుసార్లు తన్నాడు. రెండుసార్లూ బంతి గోల్‌పోస్ట్‌ల మధ్యనుంచి వెళ్ళింది. మీ బావగారు పార్కింగ్ లాట్‌లో పులిహోర ట్రే పట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా పంచిపెట్టారు.

మన కాటన్‌బెల్ట్ కాన్ఫరెన్స్‌లో ఈసారి పద్నాలుగు జట్లు. పత్తి పండే ఊళ్ళ లీగ్ అని పేరు పెట్టుకుని, అటు పడమటి తీరాన ఉన్న బాతెల్ పక్కనుంచి ఒక కాలేజీని తెచ్చి కలిపారు. అక్కడ వానా, సాఫ్ట్‌వేరూ తప్ప ఏమీ పండవు. టీవీవాళ్ళు కుదిర్చిన సంబంధమట. మీ వేద చదివే టాలోవా స్టేట్ హెరన్స్ కూడా ఈ లీగ్‌లోనే ఉన్నారని ఎవరో గుర్తుచేస్తే గుర్తొచ్చింది. జట్టుకి కొంగ పేరు పెట్టినవాడెవడో తెలివైనవాడు. ఒంటికాలిమీద నిలబడి ఎవరొచ్చి ఓడిస్తారా అని ఎదురుచూడటం మీవాళ్ళకి బాగా వచ్చు.

ఒక్కటే మాట. మానవ్ గురించి మంచిగానీ చెడుగానీ ఏమీ అనకు. ఎందుకో నీకు తెలుసు. నీ నాలిక చివర ఉన్న ఆ నల్లమచ్చ సంగతి నేను మళ్ళీ రాయక్కర్లేదు. ఎంసెట్ ముందురోజు నువ్వన్న ఒక్క మాటకి నా మెడిసిన్ సీటు పోయింది. నా కొడుకు కాలైనా మిగలనియ్యి.

నీ మేలు కోరే అక్క
వసుమతి


హంట్స్‌విల్, అలబామా
సెప్టెంబరు 14

అక్కా,

నువ్వు మళ్ళీ రాయక్కర్లేదంటూనే రాశావు కాబట్టి నేనూ రాస్తాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. నువ్వు ఫిజిక్స్ పుస్తకం పొట్టమీద బోర్లించుకుని నిద్రపోతున్నావు. "అక్కకి సీటు రాదేమో" అన్నాను. రాలేదు. రిజల్ట్స్ వచ్చిన రోజు నువ్వు నా బుగ్గలు నొక్కి, నోరు తెరిపించి, అమ్మకి ఆ మచ్చ చూపించావు. అంతే, ఇంట్లో నా ఉద్యోగం ఖాయమైంది. పెళ్ళిచూపులైతే నన్ను మేడమీదికి పంపేవారు. రిజల్ట్స్ రోజైతే పక్కింటికి. నీ పెళ్ళిలో తాళి కట్టేదాకా నా నోట్లో ఒక లడ్డూ ఉంచారు.

మానవ్ పుట్టినప్పుడు నేనిక్కడ ఎం.ఎస్. చదువుతున్నాను. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తే అమ్మ నన్ను హాస్పిటల్ లాబీలోనే ఆపేసింది. "పిల్లాణ్ణి చూసి ఏదో ఒకటి అనేస్తావే. పదకొండో రోజున రా" అంది. నేను కుట్టిన టోపీ ఆవిడ చేతిలో పెట్టి, పార్కింగ్‌లో కూర్చుని ఒక బర్గర్ తిని వెనక్కి వెళ్ళిపోయాను. నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపావని అమ్మ తర్వాత చెప్పింది. ఏ కిటికీయో నాకు తెలియలేదు.

కాబట్టి మానవ్ గురించి ఏమీ అనను. మ్యూల్స్ గురించి అనొద్దని నువ్వు రాయలేదు. వచ్చే శనివారం ఆ వాన ఊరి జట్టు మీ కంచరగాడిదల్ని ముప్పై పాయింట్ల తేడాతో తొక్కేస్తుంది. పులిహోర మిగులుతుంది, డబ్బాలు తీసుకెళ్ళమని బావగారికి చెప్పు.

చంద్రిక


కమ్మింగ్
సెప్టెంబరు 22

చంద్రికా,

ముప్పై ఒకటి. ముప్పై అన్నావు, ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాం. నీ కడుపు చల్లబడిందా? మొత్తం ఆటలో మావాళ్ళు సాధించింది మూడంటే మూడు పాయింట్లు, ఆ మూడూ మానవ్ కాలివే. పులిహోర మిగిలింది. రెండు రోజులుగా అదే తింటున్నాం.

మీ హెరన్స్ ఆట కూడా టీవీలో చూశాను. గెలిచారు, కాదనను. అవతలి జట్టులో సగంమందికి కడుపునొప్పి అని పేపర్లో చూశాను. మధ్య విరామంలో బ్యాండ్ వచ్చినప్పుడు వేద కోసం కళ్ళు చికిలించి వెతికాను. మూడువందల మందిలో ఆఖరి వరుసలో ట్రంపెట్ పట్టుకున్నవాళ్ళంతా నాకు ఒకేలా కనిపించారు. నువ్వు ఏ టోపీని చూసి మా అమ్మాయి అని మురిసిపోతున్నావో నాకు తెలియదు. అదీ మంచిదేలే. ఆట రానివాళ్ళకి కూడా మైదానంలోకి వెళ్ళే దారి ఒకటి ఉండాలి కదా. పైగా అందరూ ఆ టైమ్‌లో బాత్‌రూమ్‌కి వెళ్తారు కాబట్టి తప్పు వాయించినా ఎవరికీ తెలియదు.

అక్క


హంట్స్‌విల్
అక్టోబరు 13

అక్కా,

నీ ఉత్తరం వేద చదివింది. వంటింటి కౌంటర్‌మీద వదిలేయడం నా తప్పే. దానికి తెలుగు చదవడం రాదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వేలుపెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ అరగంట చదివింది. "అమ్మా, పెద్దమ్మ ఎందుకు నన్ను అంత మీన్‌గా రాసింది?" అని అడిగింది. రెండు రోజులు ట్రంపెట్ పెట్టె తెరవలేదు. అది మొట్టమొదటిసారి పూర్తిగా చదివిన తెలుగు ఉత్తరం నీది. గర్వపడు.

ఇక ఆట సంగతి. మావాళ్ళు ఆరు ఆడి ఆరూ గెలిచారు. ఇంకో విశేషం, నా నాలికకి ఇక్కడ అభిమానులున్నారు. వాన ఊరి ఆట గురించి ముందే రాశానని వేద బ్యాండ్‌లో చెప్పిందట. ఇప్పుడు ప్రతి గురువారం ఆ పిల్లలు "ఆంటీ, ఈ వీక్ ఎవరు?" అని అడుగుతున్నారు. మూడు వారాల్లో ఇరవై ఆటలు చెప్పాను, పదిహేడు నిజమయ్యాయి. మన లీగ్‌లో ఏ జట్టు చేతకానిదో టీవీ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, అది వేరే సంగతి. పుట్టి బుద్ధెరిగాక నా నోటిమాట కోసం ఎవరైనా నోరు తెరుచుకుని ఎదురుచూడటం ఇదే మొదటిసారి. చాలా బాగుంది.

అన్నట్టు, మొన్న పూజ చేసుకుంటుంటే మానవ్ గురించి ఒక మాట అనిపించింది. నువ్వు అనొద్దన్నావు కాబట్టి అది రాయడం లేదు. కవరు అంటించేస్తున్నాను.

చంద్రిక


కమ్మింగ్
నవంబరు 3

చంద్రికా,

ఏమనుకున్నావు? ఏమిటా మాట? నీ ఉత్తరం వచ్చిన శనివారం మానవ్ రెండు తన్నులూ తప్పాడు. తర్వాతి వారం ఒకటి. మొన్న ఇంకొకటి, అది ఇరవై ఐదు గజాల నుంచి, నేను తన్నినా వెళ్ళేది. స్టేడియంలో సొంతవాళ్ళే బూ అన్నారు. నా వెనక కూర్చున్న ఒక పెద్దాయన వాణ్ణి ఏమన్నాడో రాయలేను. అక్కడే లేచి పులిహోర ట్రే ఆయన నెత్తిన బోర్లించేదాన్ని, మీ బావగారు చెయ్యి పట్టుకున్నారు.

వాడికి ఫేస్‌టైమ్‌లోనే దిష్టి తీశాను. ఉప్పూ మిరపకాయలూ ఫోన్ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిమీద వేస్తే స్మోక్ అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. ఆరడుగుల మనుషులు నలుగురు హెల్మెట్లతో వంటింట్లోకొచ్చి దగ్గుతూ నిలబడ్డారు. ఏం కాలుతోందని అడిగితే మా చెల్లెలి కళ్ళు అని ఎలా చెప్పను?

నవ్వుకోవడం అయ్యాక ఇది చదువు. కోచ్ దగ్గర ఇంకో కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. నవంబరు 29న మీ హెరన్స్‌తో ఆట వరకే మానవ్‌కి అవకాశం. అది కూడా తప్పితే వాడి చోటు పోతుంది. "చోటు పోతే నేను మళ్ళీ బాల్ ముట్టుకోను మమ్మీ" అన్నాడు. అన్నం తినడంలేదు, గదిలో పడుకుని సీలింగ్ చూస్తున్నాడట. ఇరవై ఏళ్ళ పిల్లాడు.

మానవ్ కొడతాడని ఒక్క మాట రాయి. నువ్వంటే జరుగుతుంది. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

అక్క


హంట్స్‌విల్
నవంబరు 9

అక్కా,

ఎప్పుడూ ఏమీ అడగలేదన్నది నిజమే. నోరు మూసుకోమని తప్ప.

మానవ్ గురించి నిజంగానే బాధగా ఉంది. వాడి సంగతి చదివినప్పుడు నవ్వలేదు. ఫైరింజన్ సంగతి చదివినప్పుడు మాత్రం శశికాంత్ గారు మంచినీళ్ళు తెచ్చివ్వాల్సి వచ్చింది.

రాస్తాను. కానీ ముందు నువ్వొకటి రాయాలి. నీ మెడిసిన్ సీటు నా నాలిక వల్ల పోలేదని, ఎందువల్ల పోయిందో అసలు కారణంతో సహా, తెల్లకాగితంమీద రాసి సంతకం పెట్టి పంపు. ముప్పై ఏళ్ళనుంచి అందరూ నా నోటిమీద వేసిన నింద అది. పదకొండేళ్ళప్పుడు నేను నిజంగానే నమ్మాను తెలుసా? ఏడాదిపాటు రోజూ రాత్రి టూత్‌బ్రష్‌తో ఆ మచ్చని గీకేదాన్ని, రక్తం వచ్చేదాకా.

నా నాలికకి శక్తి లేదని నువ్వు రాసిస్తే, ఆ నాలికతోనే నీ కొడుక్కి మంచిమాట చెప్తాను. ఇందులో మెలిక నీకు అర్థమైందనుకుంటాను. ఎలా సర్దుకుంటావో నీ ఇష్టం.

చంద్రిక


కమ్మింగ్
నవంబరు 16

చంద్రికా,

నా సీటు నీ వల్ల పోలేదు.

ఫిజిక్స్ కోచింగ్ అని చెప్పి ఆర్నెల్లు మ్యాట్నీలకి వెళ్ళాను. పరీక్షలో యాభై ఫిజిక్స్ ప్రశ్నల్లో నలభై వదిలేశాను. హాల్లోంచి బయటికొస్తున్నప్పుడే నాకు తెలుసు. రిజల్ట్స్ రోజు నాన్నగారు కుర్చీలో కూర్చుండిపోయారు. అమ్మ ఏడుస్తూ "ఎక్కడ తప్పిందే?" అని నిలదీసింది. నువ్వు గుమ్మంలో నిలబడి జామకాయ తింటున్నావు. పరీక్ష ముందురోజు నువ్వన్న మాట గుర్తొచ్చింది. నీ బుగ్గలు నొక్కాను. అమ్మ అంత వెంటనే నమ్ముతుందని నేనూ అనుకోలేదు. నమ్మాక మళ్ళీ కాదనడానికి ధైర్యం చాలలేదు, తర్వాత అవసరమూ కనిపించలేదు.

మానవ్ పుట్టిన రోజున నిన్ను లాబీలో ఆపమన్నది కూడా నేనే. అప్పటికి నేనూ కాస్త నమ్మడం మొదలుపెట్టాను. ఇప్పుడు పూర్తిగా నమ్ముతున్నాను, అదీ నా ఖర్మ.

ఇది నా స్వదస్తూరీ, ఇది నా సంతకం.
వసుమతి

ఇక రాయి. మామూలు పోస్టులో కాదు, ఎక్స్‌ప్రెస్‌లో పంపు.


హంట్స్‌విల్
నవంబరు 22

అక్కా,

మాటంటే మాటే.

మా అక్క కొడుకు మానవ్ వచ్చే శనివారం తన్నే బంతి గోల్‌పోస్ట్‌ల మధ్యనుంచి నేరుగా వెళ్తుంది. ఆట మ్యూల్స్ గెలుస్తారు.

నేనూ వస్తున్నాను. బ్యాండ్ పిల్లల తల్లిదండ్రులకి గోల్‌పోస్ట్ వెనక సీట్లిచ్చారు. ఎదురుపడితే పలకరించుకుందాం.

చంద్రిక


కమ్మింగ్
డిసెంబరు 1

చంద్రికా!

చూశావా? చూశావా? నాలుగు సెకన్లు ఉన్నాయనగా, రెండు పాయింట్లు వెనకబడి, నలభై ఏడు గజాలు! నేను కళ్ళు మూసుకుని నీ ఉత్తరం గుండెకి హత్తుకుని ఉన్నాను. డెబ్భైవేల మంది అరుపు విని కళ్ళు తెరిచాను. మీ కొంగలు ఇన్ని వారాలూ గెలిచి గెలిచి చివరికి ఒక తెలుగు పిల్లాడి కాలికింద పడ్డాయి. కాన్ఫరెన్స్ టైటిల్ పోయింది, మన రెండు జట్లలో గెలిచినవాళ్ళకి ట్రోఫీగా ఇచ్చే ఆ తుప్పుపట్టిన బావిగిలక కూడా మాదే. మానవ్ దాన్ని నెత్తిన పెట్టుకుని ఫోటో దిగాడు. మీ బ్యాండ్‌లో పిల్లలు కొందరు ఏడ్చారట. వేద కూడానా? ట్రంపెట్‌లోకి నీళ్ళు వెళ్తే తుడుచుకోమను, చిలుం పడుతుంది. ఆట అయ్యాక నీకోసం చూశాను. కనబడలేదు. ఏ మొహంతో కనబడతావులే.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. నువ్వు రాసింది రాసినట్టు జరిగింది. గోల్‌పోస్ట్‌ల మధ్యనుంచి నేరుగా అన్నావు, నేరుగా వెళ్ళింది. అంటే నీ నాలికకి నిజంగానే శక్తి ఉందన్నమాట. మరి అప్పుడు నేను నలభై ప్రశ్నలు ఎందుకు వదిలేశాను? ఎవరి మాట వల్ల బుర్ర మొద్దుబారింది? ఆలోచించు. ఆ మ్యాట్నీలకి కూడా బుద్ధి అటు ఎవరు మళ్ళించారో ఎవరికి తెలుసు.

కాబట్టి నేను సంతకం పెట్టి పంపిన కాగితం చెల్లదు. కన్నకొడుకు కోసం ఏ తల్లయినా ఏదైనా రాస్తుంది. దాన్ని చింపెయ్యి. మా స్నేహితుల అమ్మాయి సీమంతం పదమూడో తారీకున మా ఇంట్లో పెట్టుకున్నారు. నువ్వు రాకపోతేనే మంచిది. ఏమీ అనుకోకు.

అక్క


హంట్స్‌విల్
డిసెంబరు 6

అక్కా,

నీ లెక్కలో ఒక చిన్న తప్పుంది. ఫిజిక్స్ ఎప్పుడూ నీకు రాదు కదా.

నేను కాగితంమీద రాసింది ఒక్కసారి. శనివారం స్టేడియంలో, మానవ్ ఆ ఆఖరి తన్నుకి వచ్చి నిలబడినప్పుడు, గోల్‌పోస్ట్ వెనకనుంచి లేచి నిలబడి నోటితో అన్నది కనీసం ఇరవైసార్లు. "కొట్టలేవురా! తప్పుతావురా! మానవ్, నీ వల్ల కాదురా!" గొంతు పోయేదాకా అరిచాను. మచ్చ ఉన్నది నా నాలికమీద. కలంమీద కాదు. ఉత్తరం నీ కోసం రాశాను, ఆ అరుపులు వేద కోసం. నీ కొడుకు తప్పాలని మనసారా కోరుకున్నానక్కా. అబద్ధమెందుకు, ఆ నాలుగు సెకన్లూ అంతకంటే గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు. అయినా బంతి వెళ్ళింది. నా పక్కన కూర్చున్న వేద ఫ్రెండ్ వాళ్ళ నాన్న అదంతా వీడియో తీశాడు. నా గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, బంతీ స్పష్టంగా కనిపిస్తుంది.

నీకు కనబడలేదుగానీ, నీ కొడుక్కి కనబడ్డాను. గిలక మోసుకుంటూ మా వైపు పరిగెత్తుకొచ్చాడు. నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. "పిన్నీ, నీ వాయిస్ నాకు వినపడింది" అన్నాడు. సారీ చెప్పబోయాను. "ఇట్స్ ఓకే పిన్నీ, ఇంట్లో ఉన్నట్టే అనిపించింది, నెర్వస్ పోయింది" అని నవ్వాడు. తర్వాత వేదని వెతుక్కుంటూ వెళ్ళి ఆ గిలక దాని చేతికిచ్చి ఫోటో దిగాడు. ఆ ఫోటో నీకు పంపి ఉండడు.

నీ సంతకం కాగితం చింపలేదు. దాన్నీ, ఆ వీడియోనీ సోమవారమే ప్లెయిన్స్‌బరోకి పంపాను, దివాకర్ అన్నయ్య ఇంట్లో ఉన్న అమ్మకి. అన్నయ్య చదివి వినిపించాడట. ఆవిడ రెండుసార్లు చదివించుకుందట.

నిన్న మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్ చేసింది. నేను ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో ఉన్నాను. "ఏదీ, నాలిక చూపించవే" అంది. నలభై రెండేళ్ళదాన్ని, మెడలో బ్యాడ్జీతో స్టీరింగ్ ముందు కూర్చుని నాలిక బయటపెట్టాను. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత చిన్నదా" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీకు వచ్చే ఆదివారం కాల్ చేస్తానంది. ఇది ఫుట్‌బాల్ సంగతి కాదు కాబట్టి ఫోన్‌లోనే మాట్లాడుతుంది. ఎత్తు.

చంద్రిక